వార్షికం గారు వేయించిన బస్సు

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. జీతం బిల్లులో తప్ప దానితో ఎవరికీ పని పడలేదు. ప్రాంతీయ రవాణా ప్రణాళికా మండలిలో అటెండరు దగ్గర్నుంచి పెద్దసారు దాకా అందరికీ ఆయన వార్షికం గారే. ఏటేటా మండలి అచ్చువేసే వార్షిక నివేదిక రాసేది ఆయన గనక ఆ పేరు అతుక్కుపోయింది. మొదట్లో చిన్నబుచ్చుకున్నాడు. తర్వాత్తర్వాత ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే వెనక్కి తిరిగి చూడ్డం కూడా మానేశాడు.

మండలి ఏం చేస్తుందో చెప్పడం కొంచెం కష్టం. బస్సులు నడిపేవాళ్ళు వేరే ఉన్నారు. రోడ్లు వేసేవాళ్ళు వేరే, వేసిన మర్నాడే వాటిని తవ్వేవాళ్ళు ఇంకా వేరే. వీళ్ళంతా ఏం చెయ్యాలో ముందుగా ఆలోచించి పెట్టేది మండలి. ఆలోచించడానికి వీలుగా పెద్ద భవనం, గోడ నిండా రంగురంగుల పటాలు, అందరికీ తిరిగే కుర్చీలు ఉన్నాయి. లిఫ్టు కూడా ఉంది గాని కదలదు. దాన్ని బాగుచేయించడం రాబోయే ఏటి ప్రణాళికల్లో ఉంది. ఏటా ఉంటుంది.

నివేదికలో ముందు భాగం "సాధించినవి", వెనక భాగం "సాధించబోయేవి". వీటికి ఒక ఆనవాయితీ ఉంది. సాధించినవి నిరుటికంటే ఒక్కటైనా ఎక్కువ ఉండి తీరాలి. తగ్గితే ఎందుకు తగ్గిందని పైవాళ్ళు అడుగుతారు, పెరిగితే ఎలా పెరిగిందని ఎవరూ అడగరు. ఆ ఒక్కటీ ఎక్కడినుంచో పుట్టించడమే వార్షికం గారి ఉద్యోగం. ట్రాఫిక్ జాముల మీద సర్వే చేయిస్తే జాములున్నాయని తేలింది. "రద్దీని విజయవంతంగా గుర్తించాం" అని రాశాడు. రోడ్డు దాటే వంతెనకు ఒకవైపు మెట్లు కట్టి రెండోవైపు మర్చిపోయారు. "ఎక్కే సౌకర్యం పూర్తి" అని రాశాడు. సైకిళ్ళకోసం గీసిన దారి మీద జనం కార్లు పెట్టుకుంటుంటే "దారి నూటికి నూరుపాళ్ళు వినియోగంలో ఉంది" అన్నాడు. ఇందులో ఒక్క అబద్ధం చూపించండి చూద్దాం! అదే ఆయన గర్వం. తను అబద్ధాలు రాయడు, నిజాన్ని ఇస్త్రీ చేస్తాడంతే.

అలాంటి మనిషి నిరుడు నిలువునా పప్పులో కాలేశాడు.

నివేదిక అచ్చుకి వెళ్ళే రోజు సాయంత్రానికి సాధించినవి ఒకటి తక్కువొచ్చింది. ఎంత తల గోక్కున్నా కొత్తది పుట్టలేదు. ప్రెస్సువాడు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. వెనక భాగంలో వెతగ్గా "ఊరి చివరి కాలనీకి బస్సు" అన్న లైను కనిపించింది. అది ఆయన సొంత కాలనీయే. ఆ బస్సు ఎన్నేళ్ళనుంచో సాధించబోయేవాటిలో కూర్చుని ఉంది. ఇంకెవరి కాలనీ పేరైనా ఎత్తి ముందుకు తెస్తే, అక్కడివాళ్ళు మా బస్సేదని మీదకొస్తారు. మనవాళ్ళైతే నివేదిక చదవరు, చదివినా మనవాళ్ళే గదా! పైగా ఎలాగూ వచ్చే బస్సే, నాలుగు రోజులు ముందూ వెనకా. ఇలా అనుకుని ఆ లైనును ముందు భాగంలోకి తోసి, హాయిగా టీ తాగి ఇంటికెళ్ళాడు. ఇంటికి వెళ్ళడమంటే, మెయిన్ రోడ్డు దగ్గర దిగి, చెమటలు కక్కుతూ కాలనీ దాకా నడవడం. ఆ రోజు కూడా నడిచే వెళ్ళాడు. అయినా ఆయనకు ఏమీ అనిపించలేదు.

ఆ దారినే రోజూ నడిచే మనిషి ఇంకొకరున్నారు, ఆయన భార్య. ఊరికి ఆ కొసన ఉన్న రెడీమేడ్ బట్టల కార్ఖానాలో ఆవిడ కటింగ్ మాస్టరు. పొడవాటి బల్ల మీద గుడ్డను మడత మీద మడతగా పరిపించి, సుద్దముక్కతో గీత గీసి, మిషను పెట్టి కోస్తే అన్ని చొక్కాల చేతులూ ఒక్కలాగే రావాలి. ఆవిడ కోస్తే వస్తాయి. ఆ గదిలో ఆవిడ మాటే మాట, యజమాని కూడా చెప్పులు బయట విడిచి లోపలికొస్తాడు. అంత ఇష్టమైన పనికి ఇప్పుడు మోకాలు అడ్డం పడింది. "నిలబడ్డమో నడవడమో, ఏదో ఒకటి మానెయ్యమ్మా" అన్నాడు డాక్టరు. కటింగ్ మాస్టరు కూర్చుని కొయ్యలేదు. నడక మానాలంటే బస్సు రావాలి. ఆటోవాళ్ళు ఆ కాలనీ పేరు చెబితేనే మొహం తిప్పుకుంటారు, తిరుగు బేరం దొరకదని. బస్సు రాకపోతే ఆవిడ పని మానుకోవాలి. ఇంట్లో ఇదొక్కటే బెంగ.

ఈలోగా పైనుంచి నిజంగానే డబ్బొచ్చింది. బస్సు లేని కాలనీలన్నిటికీ బస్సు వేయమన్నారు. వార్షికం గారు ఆ కబురు ఇంటికి పరుగెత్తుకొచ్చి చెప్పాడు. "ఇక చూస్కో, ముందు మన కాలనీయే!" అన్నాడు. ఆవిడ ఆ పూటే కార్ఖానాకు ఫోను చేసి, పని మానట్లేదని చెప్పేసింది.

మర్నాడు పటం ముందు నిలబడి చూస్తే బస్సు రాబోయే కాలనీలన్నిటికీ ఎర్ర చుక్కలున్నాయి. ఆయన కాలనీకి ఆకుపచ్చ చుక్క ఉంది. ఆకుపచ్చ అంటే బస్సు ఇప్పటికే ఉన్నట్టు. నేరుగా పెద్దసారు గదిలోకి వెళ్ళాడు.

"సార్, చిన్న పొరపాటు జరిగిందండి. మా కాలనీకి బస్సు లేదండి."

"నివేదికలో ఉందిగా!" అన్నాడు పెద్దసారు.

"అది రాసింది నేనే గదండీ."

"మరి? నువ్వు రాసింది నువ్వే నమ్మకపోతే ఊళ్ళోవాళ్ళెలా నమ్ముతారయ్యా? అచ్చయిన దాన్ని వెనక్కి తీసుకుంటే మండలి పరువేం కాను?" కాసేపు గడ్డం నిమురుకున్నాడు. "పోనీ ఒక పని చేద్దాం. వచ్చే ఏడు ఆ బస్సుని రద్దు చేద్దాం. ఎక్కేవాళ్ళు లేక రద్దుచేశాం అంటే ఖర్చు తగ్గించిన ఘనత కూడా మనకే. ఆ పై ఏడు మళ్ళీ వేద్దాం. నీకు రెండేళ్ళకి సరిపడా సరుకు దొరికినట్టేగా!"

పెద్దసారు అంతటితో వదల్లేదు.

"అన్నట్టు, వార్షిక సభకి మన మండలి కొత్త అధ్యక్షులవారు వస్తున్నారు. ఆయనకి ప్రయాణికుల నోటి వెంట వినాలని సరదాట. ఎవర్నో ఎందుకు, మీ ఆవిణ్ణి తీసుకురా. బస్సు బావుందని రెండు ముక్కలు చెబితే చాలు."

సాయంత్రం ఆవిడ మోకాలికి వేడినీళ్ళ కాపడం పెట్టుకుంటోంది. ఎదురుగా కూర్చుని, గోడ వైపు చూస్తూ, మొత్తం చెప్పేశాడు. ఆవిడ గుడ్డ పిండడం ఆపేసింది.

"అయితే మనకి బస్సు లేకుండా చేసింది మీరేనన్నమాట."

"అలా అంటే ఎలా? వస్తుందనేగా..."

"నేనొస్తాలెండి సభకి" అంది.

ఇంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు భయపడాల్సిన మనిషి తెగ సంబరపడ్డాడు. ఆవిడకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా మొగుడి ఉద్యోగం పోకుండా, ఆ అబద్ధం మాత్రమే పోయేట్టు ఎలా కత్తిరించాలా అని ఆలోచిస్తోంది.

సభ రోజు హాలంతా పూలకుండీలు, ఏసీ చలి. పెద్దసారు సాధించినవన్నీ చదివాడు. ఒక్కోదానికీ చప్పట్లు. ఊళ్ళోని సిగ్నళ్ళన్నిటినీ ఒకదానితో ఒకటి కలిపారట, ఇప్పుడన్నీ ఒకేసారి ఎర్రగా వెలుగుతున్నాయట. దానికి ఇంకా గట్టిగా చప్పట్లు. ఆ తర్వాత "ప్రయాణికురాలి మాట" అని ఆవిణ్ణి వేదిక మీదకు పిలిచారు. అధ్యక్షులవారు మంచి మనిషి. ఆవిడ మెట్లెక్కడానికి కష్టపడుతుంటే లేచి చెయ్యందించాడు.

"ఎలా ఉందమ్మా మా బస్సు?"

"చాలా బావుందండి" అంది ఆవిడ మైకులో. "ఏ రోజూ ఆలస్యం కాలేదు. ఒక్కసారి కూడా చెడిపోలేదు. లోపల తోపులాటన్న మాటే లేదు. ఇంత శుభ్రమైన బస్సు ఇంకెక్కడా ఉండదండి."

అధ్యక్షులవారు మురిసిపోయాడు. పెద్దసారు అంతకన్నా మురిసిపోయాడు.

"ఇంత దూరం వచ్చారు, మా బస్సులో మా కాలనీ దాకా రండి. ఇంట్లో టీ తాగి వెళ్ళొచ్చు. బయట స్టాపులో నిలబడదాం, పదండి!" అంది.

ఆ మాటకు అధ్యక్షులవారు అందరికంటే ముందు లేచి నిలబడ్డాడు. ఆయన లేచాడు గనక హాలంతా లేచింది. సూట్లు, కోట్లు, మెళ్ళో బ్యాడ్జీలు, అందరూ మండలి ఎదురుగా ఉన్న బస్సు స్టాపులో ఎండలో వరస కట్టారు. ప్రణాళికలు వేసేవాళ్ళలో సగం మంది బస్సు స్టాపులో నిలబడ్డం అదే మొదటిసారి. స్టాపుకి కప్పు లేదని అప్పుడే కనిపెట్టారు. పెద్దసారు మొహం కందగడ్డలా తయారైంది. ఫోను పట్టుకుని భవనం వెనక్కి పోయాడు.

ఆవిడ మొగుడి పక్కన నిలబడి చూస్తోంది. బస్సు రాదు. రాకపోతే అధ్యక్షులవారు ఎందుకు రాలేదని అడుగుతాడు. అడిగితే ఆకుపచ్చ చుక్క ఎర్రగా మారుతుంది. ఎవరి మీదా ఫిర్యాదు చెప్పినట్టూ ఉండదు. ఆవిడ గీసిన గీత అది.

కాసేపటికి మలుపు తిరిగి బస్సొచ్చింది!

డ్రైవింగ్ నేర్పే బస్సది. డిపోవాళ్ళను బతిమాలి పెద్దసారు తెప్పించాడు. "శిక్షణలో ఉన్న వాహనం" అన్న అక్షరాల మీద కాగితం అతికించి కాలనీ పేరు రాశారు. జిగురింకా ఆరలేదు. ఆవిడ బస్సు వంక చూస్తూ, నెమ్మదిగా అంది.

"ఇంత తేలికా, బస్సు రావడం?"

ఇన్నేళ్ళ నివేదికల్లో ఎక్కడా వార్షికం గారు రాయని సంగతి అది. అడగాల్సిన వాళ్ళు అడిగితే బస్సు ఒక ఫోనుకాల్ దూరంలో ఉంది. భార్య మోకాలి కోసం మాత్రం ఎవరూ ఆ ఫోను చెయ్యలేదు. తను కూడా చెయ్యమని అడగలేదు.

బస్సు కాలనీలోకి వెళ్ళేసరికి జనం ఇళ్ళల్లోంచి బయటికి ఉరికారు. మంగలి సగం గడ్డం గీసినవాణ్ణి కుర్చీలోనే వదిలేసి వచ్చాడు. పక్కింటి పిన్నిగారు బస్సు కిటికీ దగ్గరకొచ్చి దాన్ని చేత్తో తాకి చూసింది.

"ఇది రోజూ వస్తుందా నాయనా?"

"రోజూ వస్తోందిగా తల్లీ!" అన్నాడు అధ్యక్షులవారు నవ్వుతూ. ఆయన నమ్మిందే చెప్పాడు. టీ తాగి, ఫొటోలు దిగి, అదే బస్సులో వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ, పాపం ఈ అమ్మ ఎక్కడానికి ఇబ్బంది పడుతోంది, ఈ బస్సుకి మెట్లు తక్కువ ఎత్తులో పెట్టించాలి, సాధించబోయేవాటిలో రాసుకోండి అన్నాడు. వార్షికం గారు అలవాటు కొద్దీ రాసుకున్నాడు.

మర్నాడు ఉదయం మొగుడూ పెళ్ళాం వీధిలోకి వచ్చేసరికి నిన్న బస్సాగిన చోట కాలనీ అంతా నిలబడి ఉంది. పిన్నిగారు ఉతికిన చీర కట్టుకుని అందరికంటే ముందుంది. వేరే ఊళ్ళో ఉన్న మనవరాల్ని చూడ్డానికి బయల్దేరిందట. మెయిన్ రోడ్డు దాకా నడవలేక ఇన్నాళ్ళూ వెళ్ళలేదట. వార్షికం గార్ని చూడగానే జనం నవ్వుమొహాలతో దారిచ్చారు.

"బస్సేయించిన బాబు! మీరు ముందు నిలబడండి" అన్నాడు మంగలి.

ఆయన తల దించుకున్నాడు. పక్కకు చూస్తే, భార్య ఆయన్నే చూస్తోంది.

"నే చెప్పనా, మీరు చెబుతారా?" అంది మెల్లగా.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఈ మార్గంలో సేవల పునరుద్ధరణ అంశం మండలి చురుకైన పరిశీలనలో..."

"అంటే వస్తుందా రాదా నాయనా?" అంది పిన్నిగారు.

ఇస్త్రీ చేయడానికి ఇక మడత మిగల్లేదు. "రాదు పిన్నిగారూ" అన్నాడు. "అసలు బస్సే లేదు. ఉందని రాసింది నేను. నేనలా రాయబట్టే మనకి రావాల్సింది కూడా రాకుండా పోయింది."

తిడతారనుకున్నాడు. తిడితే బావుండునని కూడా అనుకున్నాడు. పిన్నిగారు ఆయన మొహంలోకి కాసేపు చూసి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, మెయిన్ రోడ్డు వైపు నడవడం మొదలుపెట్టింది. ఆవిడ వెనక మిగతావాళ్ళు. ఏదో ఒకటి చేయాలి గనక, భార్య చేతిలోని సంచి అందుకోబోయాడు. ఆవిడ ఇవ్వలేదు. ఖాళీగా ఉన్న చెయ్యి ఆయన భుజం మీద వేసి, బరువంతా దాని మీదకు వాల్చింది.

"సంచి నేను మోసుకుంటాలెండి, మీరు నన్ను మొయ్యండి. ఇవాళ కార్ఖానాకి కాదు, మీ ఆఫీసుకే. ఇప్పుడన్న మాట ఆ అధ్యక్షులవారి ముందు ఇలాగే అనండి, నే పక్కనుంటాను."

"ఉద్యోగం పోతుందే" అన్నాడు.

"ఒకళ్ళది ఎలాగూ పోతోంది" అంది.

వార్షికం గారికి భయం వేసింది. అయినా భుజం తియ్యలేదు. ఆవిడ కాలు ఎంత వేగంగా సాగగలదో అంతే వేగంగా నడిచాడు.