పదకొండు నెలల ఎడం

ఏడేళ్లుగా పదో తరగతికి జీవశాస్త్రం చెబుతున్నాను. ప్రత్యుత్పత్తి పాఠంలో మందారపువ్వుతో నాకు ఏ ఇబ్బందీ లేదు. కేసరాలు, అండాశయం బోర్డు మీద ముచ్చటగా గీస్తాను. కప్ప దాకా కూడా ధైర్యంగానే వస్తాను. గర్భనిరోధక పద్ధతులు అన్న చోటికి వచ్చేసరికి మాత్రం గడియారం వైపు చూసేదాన్ని. "ఈ రెండు పేజీలు ఇంటికాడ చదువుకోండి. పరీక్షలో రెండు మార్కులకు వస్తాది, జవాబు నేను రాయిస్తా" అని నాలుగు లైన్లు రాయించేదాన్ని. పిల్లలు తలెత్తకుండా రాసుకునేవాళ్లు. నేనూ తలెత్తేదాన్ని కాదు. ఏ ఏడూ ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి పాఠం చెప్పేశాననే అనుకున్నాను.

పోయిన ఏడాది మా బడికి శనివారాలు ఆరోగ్యం పాఠాలు చెప్పడానికి ఒక నర్సు రావడం మొదలైంది. ధర్మవరం నుంచి అనంతపురం పోయే బస్సు బత్తలపల్లె దాటాక నన్నూ నా కూతురినీ ఒక మలుపులో దించుతుంది. తనదీ అదే బడి, పదో తరగతి. బడిలో నన్ను మేడమ్ అనే పిలుస్తుంది. అక్కడి నుంచి శెనక్కాయ చేల మధ్య పావుగంట నడక. ఆ నర్సు స్కూటీ మీద వస్తూ మా పక్కన ఆపేది. సోమందేపల్లె పిల్ల, ఇరవయ్యారేళ్లు ఉంటాయేమో. "ఎక్కండి మేడమ్" అనేది. నడిస్తే ఒంటికి మంచిదని చెప్పి నేను ఒక్కసారి కూడా ఎక్కలేదు. నా కూతురు మాత్రం పుస్తకాల సంచి నాకిచ్చి ఎగిరి కూర్చునేది. రెండు సంచులు మోసుకుంటూ ఆ దుమ్ములో నడిచేటప్పుడు నా కడుపు ఎంత మండేదో నాకే తెలుసు.

ఆమె క్లాసు చివరి పీరియడ్. నాకు అప్పుడు ఖాళీ, స్టాఫ్ రూము పక్కగదే. మొదట రక్తం తక్కువ కావడం గురించి, నెలసరి గురించి చెప్పింది. తర్వాత నేను ఇంటికాడ చదువుకోమన్న ఆ రెండు పేజీలకే వచ్చింది. కాపర్-టీ, మాత్రలు, నిరోధ్ టేబులు మీద పెట్టి, ఏది ఎందుకో కూరగాయల పేర్లు చెప్పినంత మామూలుగా చెప్పింది. మొదట నవ్వులు వినిపించాయి. కాసేపటికి నవ్వులు ఆగి, ప్రశ్నలు మొదలయ్యాయి. నేను డౌట్లున్నాయా అంటే గోడలు చూసే పిల్లలు ఆమెను ఒకరి మీద ఒకరు పడి అడుగుతున్నారు. "ఇది ఇప్పటికి కాదప్పా, పెద్దోళ్లయి పెండ్లయినాక మీ బతుకులో పనికొచ్చే మాట" అంటోంది ఆమె. "నాకు పెండ్లయి రెండేండ్లు. బిడ్డ ఇంకో ఏడాదికి అనుకున్యాం, నేనూ మా ఆయనా." అంత మాట అంత సులువుగా చెప్పేసింది. నేను దిద్దుతున్న పేపరు మీద ఒకే మార్కును మూడుసార్లు వేశాను.

అక్టోబరు వచ్చేసరికి పిల్లలు ఆమె కోసం ఇంటి నుంచి వేయించిన శెనక్కాయలు తెచ్చేవాళ్లు. ఏడేళ్లలో నాకు ఒక్క గింజ ఇచ్చిన పాపాన పోలేదు.

ఒకరోజు అన్నం తింటూ నా కూతురు అంది: "మా, బిడ్డకూ బిడ్డకూ మూడేండ్లన్నా ఎడం ఉండాలంట. నర్సక్క చెప్పినాది."

"నోరు మూసుకొని పప్పు కలుపుకో" అన్నాను.

నేను జంతుశాస్త్రం చదివి డిగ్రీ తెచ్చుకున్నదాన్ని. పెళ్లయి ధర్మవరంలో మగ్గాల ఇంటికి వచ్చాను. కొడుకు పుట్టిన ఏడాదే నాకు అనంతపురంలో బీఎడ్ సీటు వచ్చింది. మగ్గం గుంత పక్కనే ఉయ్యాల కట్టి, మా అత్త దారం కండెలు చుడుతూ పిల్లవాణ్ని చూసుకుంటానంది. ఆ ఇంట్లో ఆడవాళ్లందరూ నాకు చెప్పిన మాట ఒకటే: పాలిచ్చేటప్పుడు కడుపు నిలవదు. వాళ్లంటే చదువుకోలేదు. వానపాము నుంచి కుందేలు దాకా రికార్డు పుస్తకంలో బొమ్మలు గీసిన నేను కూడా దాన్ని నమ్మాను. కొడుక్కి మూడు నెలలు నిండాయో లేదో మళ్లీ వేవిళ్లు. సీటు పోయింది. పదకొండు నెలల ఎడంతో కూతురు పుట్టింది. "ఆపరేషన్ చేపిస్తే ఒక పనైపోతాది" అన్నారు. ఇరవై రెండేళ్లకు సంతకం పెట్టాను. గాలికి వదిలేయడానికీ ఆపరేషన్‌కూ మధ్య ఇంకో దారి ఉందని మా అమ్మ చెప్పలేదు, మా లెక్చరర్లు చెప్పలేదు, నా మొగుడికీ తెలీదు. మళ్లీ బీఎడ్‌కు పోయేసరికి ఐదేళ్లు గడిచాయి.

ఆ మాట ఇప్పుడు పదిహేనేళ్ల పిల్లలకు శెనక్కాయలు నములుతుండగా దొరికిపోతోంది. ఆ నర్సు మీద కుళ్లుకున్నాను, సరే. నా కూతురి మీద కూడా కుళ్లుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా ఉన్నమాట.

ఆ వారమే బస్టాపులో బడి కమిటీ పెద్దాయన కలిశాడు. ఆ ఊళ్లో పెద్ద రైతు, ఇద్దరు మనవళ్లు మా బడిలోనే. "ఏమ్మా, ఆ నర్సు ఏం చెప్తాండాది పిల్లోళ్లకు?" అని మామూలుగా అడిగాడు. నేనూ మామూలుగానే చెప్పాను: "నేనైతే ఆ వస్తువులు టేబులు మీద పరిచి చూపించను అన్నా. అదీ ఆడపిల్లోళ్లనూ మగపిల్లోళ్లనూ ఒకే గదిలో కూచోబెట్టి." ఇందులో ఒక్క అబద్ధం లేదు. అందుకే అంత బాగా పనిచేసింది.

పది రోజుల్లో హెడ్మాస్టరు గది ముందు మీటింగు పెట్టాల్సి వచ్చింది. "బడికి పంపిచ్చేది ఇయ్యన్నీ నేర్చుకునేదానికా?" అని పెద్దాయన లేచాడు. తెలిస్తే పిల్లోళ్లు చెడిపోతారని ఒకరు, తెలియకనే చెడిపోతాండారని ఒకరు. పట్టు మగ్గం నేసే ఒకావిడ, పదో తరగతి పిల్ల తల్లి, కూర్చున్న చోటి నుంచే అంది: "మా కాలంలో చెప్పేవాళ్లు లేక నలుగురిని కనేసినా. నా బిడ్డకన్నా తెలియనీ. దాంట్లో తప్పేముండాదన్నా?" ఆ మాట నేను అనాల్సింది. కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్న నేను, చాప మీద కూర్చున్న ఆమెను చూసి కూడా ఓర్వలేకపోయాను.

చివరకు హెడ్మాస్టరు నా వైపు తిరిగాడు. "పాఠం బుక్కులో ఉండాది, తీసేసేదానికి లేదు. మన మేడమ్ ఉన్నారు కదా, పద్ధతిగా చెప్తారు. నర్సమ్మ ఇంక రావాల్సిన పని లేదు." అందరూ సరేనన్నారు. మీటింగుకు వచ్చిన నర్సు తన పాఠం చార్టు చుట్టి నా చేతికిచ్చింది. "పర్లేదు మేడమ్. ఎవరు చెప్తే ఏముంది, పిల్లోళ్లకు తెలిస్తే చాలు" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు కోసం వెతికాను, దొరకలేదు. అయినా ఆ సాయంత్రం కిటికీ పక్క సీటు దొరికినంత సంతోషంగా ఇంటికి పోయాను.

తర్వాతి శనివారం చార్టు తగిలించి మొదలుపెట్టాను. ఒక్క పేజీ వదల్లేదు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నవ్వులు లేవు. డౌట్లున్నాయా అన్నాను. మూడో బెంచీలోంచి నా కూతురు లేచింది.

"మేడమ్, పాలిచ్చే తల్లికి మళ్లీ కడుపు నిలవదంటారు. అది నిజమేనా?"

"పూర్తిగా నిజం కాదు. నమ్ముకునేదానికి లేదు."

"మీకెట్ల తెలుసు మేడమ్?"

"పుస్తకాల్లో ఉంటాది. కూర్చో" అన్నాను. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. ఇంకా ఇరవై నిమిషాల పీరియడ్ మిగిలింది. నలభై మంది పిల్లలు, నేను, ఆ చార్టు.

బస్సు కోసం నడుస్తున్నాం. ఆ పూట తన సంచి తనే మోసుకుంది. సగం దారిలో అంది: "అన్నకూ నాకూ పదకొండు నెలలే కదా. నీకు అప్పుడు తెలిసుంటే నేను పుట్టేదాన్ని కాదు."

అవునంటే ఏమవుతుంది, కాదంటే ఎవరు నమ్ముతారు?

"ఏమీ చెప్పాకులే మా. ఎప్పుడో అక్కను అడిగినా."

"ఏమనింది?"

"మీ అమ్మకు ఆ పొద్దు ఇంకో బిడ్డ వద్దు, అంతే. నువ్వు వద్దని కాదు. రెండూ ఒకటి కాదు పాపా అనింది. మీ అమ్మకు చెప్పేవాళ్లు లేరు, ఆయమ్మ మీద కోపం పెట్టుకోవాకు అనింది."

నేను దారి మధ్యలో నిలబడిపోయాను. నా బిడ్డ అడిగే ప్రశ్నల్లో ఇది ఒక్కటైనా నేను జవాబు చెప్పాల్సింది. దానికి కూడా ఆమే జవాబు చెప్పేసింది. అదీ నేను చెప్పగలిగినదానికంటే మంచి జవాబు. నేను ఆమెను బడి నుంచి పంపించే ఆలోచనలో ఉన్న రోజుల్లో, ఆమె నా తరఫున నా కూతురితో మాట్లాడింది.

"అక్కను రానియ్యకుండా చేసింది నేనే" అన్నాను. బస్టాపులో పెద్దాయనతో అన్న మాట పొల్లుపోకుండా చెప్పాను. నా కూతురు వింది. నా ముఖం వైపు చూడకుండా "ఎందుకు మా?" అని మాత్రం అడిగింది. బస్సు వచ్చింది, ఎక్కాం. ఆ ప్రశ్నకు ధర్మవరం దాకా నేను కిటికీలోంచి బయటికే చూశాను.

సోమవారం పొద్దున కూతురిని కూడా వెంటబెట్టుకుని హెడ్మాస్టరు గదికి పోయాను. నర్సమ్మను మళ్లీ పిలిపించండి సార్, కమిటీతో నేను మాట్లాడుకుంటాను, ఈ గొడవ పుట్టిందే నా నోట్లోంచి అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి నన్నూ నా కూతురినీ మార్చి మార్చి చూశాడు.

"ఎందుకు చేసినారమ్మా అట్ల?"

"కుళ్లు సార్" అన్నాను. నా కూతురు వినేటట్టుగా అన్నాను.