దేవుడి బియ్యం వండేసిన రోజు

ఈ ఉదయం ఆరింటికి ప్రార్థనలో ఉండగా వంటింట్లోంచి అన్నం ఉడుకుతున్న వాసన వచ్చింది. ఇన్నేళ్లకు నాకంటే ముందు పొయ్యి వెలిగించే మనిషి వచ్చిందని సంతోషించాను. మా చిన్న తమ్ముడి భార్య. పెళ్లై పది రోజులు.

తీరా చూస్తే ఆమె వండింది దేవుడికని డబ్బాలో దాచిన బియ్యం. మేం వండే ప్రతిసారీ ఒక పిడికెడు తీసి ఆ చిన్న డబ్బాలో వేసి, ఆదివారం చర్చిలో ఇస్తాం. ఆమెది రామతీర్థం దగ్గర హిందూ రైతు కుటుంబం. పిడికెడు బియ్యం సంగతి నేనే చెప్పాల్సింది, మరిచాను.

"దేవుడి బియ్యం వండేసినావేటే!" అంది అమ్మ.

"ఏటౌతాదమ్మా, కొని పోసేద్దుం," అన్నాడు తమ్ముడు.

"కొన్నది వేరు, నోటికాడది తీసింది వేరురా."

వీళ్ల మధ్య నిలబడడం పెద్దకూతురి ఉద్యోగం. దానికి రిటైర్మెంటు లేదు.

ఆ పిల్ల పొద్దున్నా తినలేదు, మధ్యాహ్నమూ తినలేదు. అలిగిందనుకుని నేనూ విసుక్కున్నాను. సాయంత్రం డబ్బా మూత తీస్తే అడుగున కాసిని బియ్యం కనిపించాయి.

"రెండు పూటలు నా వంతు అందులో ఏసినాను వదినా," అంది.

అమ్మ తనే కంచం పెట్టి, "ముందు తినే," అంది.

కొత్తగా వచ్చినవాళ్లకు మీ ఇళ్లలో ఇలాంటివి ముందే చెప్తారా, నాలాగే మరిచి తర్వాత విసుక్కుంటారా?

సాయంత్రం ప్రార్థనయ్యాక అందరం తేల్చింది ఇదీ: రేపటి నుంచి పిడికెడు తీసేది ఆమె. నేను ఇంకో అరగంట పడుకోవచ్చట.