ఎక్కడికని అడగకండి

మలేషియాలో పుట్టి, మలేషియాలోనే ముసలైన మనిషికి ఇక్కడి పలకరింపు ఇప్పటికీ గిట్టదంటే నమ్ముతారా? మా అత్తగారికి గిట్టదు. ఇపో ఊళ్ళో మా వీధిలో ఎవరు ఎదురైనా "పెర్గి మానా?" అంటారు, ఎక్కడికి వెళ్తున్నారని. మలాయ్ వాళ్ళకి అది ఊరికే పలకరింపు, మనం భోంచేశారా అన్నట్టు. జవాబు కూడా ఎవరూ వినరు. కానీ గుమ్మం దాటిన మనిషిని ఎక్కడికని అడిగితే వెళ్ళే పని చెడుతుందని మా అత్తగారి నమ్మకం. మరీ అడగక తప్పకపోతే "దూరమా?" అనాలట. పక్కింటి మలాయ్ ఆవిడ పాపం ప్రేమగా "పెర్గి మానా?" అనగానే ఈవిడ నవ్వి, వెనక్కి తిరిగి, ఇంట్లోకొచ్చి, కుర్చీలో కూర్చుని, గ్లాసుడు నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరతారు. ఈలోపల మా ఆయన కార్లో ఏసీ వేసుకుని పళ్ళు నూరుతూ ఉంటారు.

అలాంటి మనిషి పాంకోర్ దీవి నుంచి పెనాంగ్ దీవికి, రాత్రంతా తెరచాప పడవలో వస్తానన్నారు.

కారణం నా కూతురు. మా ఆయన స్నేహితుడికి ఒక పాత పడవ ఉంది. తండ్రి వెంట దాని మీద తిరిగి తిరిగి పిల్లకి సముద్రం పిచ్చి పట్టింది. స్కూలు అయిపోగానే ఓడల్లో ఆఫీసరయ్యే చదువుకి సీటు తెచ్చుకుంది. ఆ ఉద్యోగమంటే ఏడాదిలో సగం పైగా నీళ్ళ మీదే. మా అత్తగారు వద్దని ఒక్క ముక్కలో తేల్చేశారు. "నేదు."

పుట్టిన దగ్గర్నుంచి ఆ పిల్ల ఆవిడ పక్కలోనే పడుకుంది. నేను బళ్ళో పాఠాలు చెప్పుకుంటూ ఉంటే అన్నం కలిపి పెట్టి పెంచింది ఆవిడే. అందుకే, నాన్నమ్మ ఒప్పుకోకపోతే వెళ్ళనని అదే అంది. నన్నడిగితే "నాదేముందే, నాన్నమ్మ సరేనంటే సరే" అని నేను వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

సీటు సంగతి తేల్చి చెప్పాల్సిన గడువు దగ్గర పడింది. చివరికి పిల్లే బేరం పెట్టింది. "ఒక్క నైట్ నాతో రా లా, నాన్నమ్మా. బోటు నేనే నడిపిస్తా. దిగినాక కూడా నేదు అంటే, ఇంక అడగను. ప్రామిస్." దాని తెలుగు అంతే, మాట చివర ఇక్కడి వాళ్ళ "లా"తో సహా. అర్థమంతా అవుతుంది, నోట్లోంచి వచ్చేసరికి సగానికి సగం వేరే భాషలు.

"సూడకుండా వద్దన్నానని రేపు నన్నంటావు. సూసే వద్దంటాను, పద," అన్నారు మా అత్తగారు.

పడవల రేవులో మా సామాను ఎక్కిస్తుంటే కాపలావాడు నవ్వుతూ వచ్చి "పెర్గి మానా?" అన్నాడు. అంతే, ఆవిడ పడవ దిగి, బల్ల మీద కూర్చుని నీళ్ళు తాగి వచ్చారు. తర్వాత ఐసు తెచ్చినవాడు అడిగాడు. మళ్ళీ దిగడం, మళ్ళీ నీళ్ళు. పక్క పడవలోని చైనీస్ పెద్దాయన తల బయటపెట్టేసరికి మా ఆయన చేతులు జోడించి "అంకుల్, డోంట్ ఆస్క్ లా" అని అరిచారు. ఆయన బిత్తరపోయి, ఏం అడగొద్దు, ఎక్కడికనా అన్నాడు. నాకు నవ్వాగలేదు. మా ఆయనకి ఒళ్ళు మండిపోయింది.

"అమ్మా, ఇన్ని నీళ్ళు తాగితే మనం పెనాంగ్ పోం, బాత్రూంకే పోతాం."

"నోరు ముయ్యి. నీ మంచికే గదేటి," అన్నారావిడ, తాపీగా చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పడవెక్కుతూ.

మేం కదిలేసరికి సాయంత్రం గాలి కాస్తా పడిపోయింది. తెరచాప ఎత్తితే అది నిలువునా వేలాడింది. మా అత్తగారు దాన్ని కింద నుంచి పైదాకా చూసి "ఇదేటే, ఉతికి ఆరేసినట్టున్నాది?" అన్నారు. పిల్ల పకపకా నవ్వి ఇంజిను వేసింది. నాన్నమ్మకి చీర మీద లైఫ్ జాకెట్ తొడిగి, దాని తాడు పడవకి తగిలించింది. "మేకని కట్టీసినట్టు కట్టీసినావు గదే," అని ఆవిడ సణుగుతూనే పులిహోర, నెత్తళ్ళ వేపుడు డబ్బాలు విప్పి అందరికీ పెట్టారు. నేను మాత్రం ముద్ద దిగక బకెట్టు పట్టుకుని కూర్చున్నాను. సముద్రానికీ నాకూ పడదు.

చీకటి పడ్డాక మా ఆయన కింద పడుకున్నారు. పిల్ల పడవ తిప్పే చక్రం దగ్గర నిలబడింది. దూరంగా చేపల పడవల దీపాలు. మా అత్తగారు రెప్ప వెయ్యకుండా మనవరాల్నే చూస్తున్నారు. నేనూ దాన్నే చూస్తున్నాను. ఇంట్లో మంచినీళ్ళ సీసా కూడా నింపని పిల్ల, ఇక్కడ దిక్సూచి చూస్తోంది, దీపాలు చూస్తోంది, వెనక్కి తిరిగి చూస్తోంది. ఇది నా కూతురేనా అనిపించింది.

ఉన్నట్టుండి ఎదురుగా ఎవరో టార్చిలైటు అటూ ఇటూ ఊపుతూ కేకలు పెట్టారు. పిల్ల చటుక్కున ఇంజిను జోరు తగ్గించింది. చిన్న చేపల పడవ ఒకటి దగ్గరికొచ్చింది. అందులో ఉన్న ముసలాయన నోటి దగ్గర చెయ్యి పెట్టుకుని అరిచాడు.

"పెర్గి మానా?"

అయిపోయిందిరా భగవంతుడా అనుకున్నాను. నడిసముద్రంలో ఏ ఇంట్లోకి తిరిగెళ్ళి కూర్చుంటారీవిడ? మా అత్తగారి చెయ్యి అప్పటికే నీళ్ళ సీసా మీదికి పోయింది.

"పెనాంగ్!" అని గట్టిగా చెప్పింది పిల్ల.

ఆయన టార్చితో చూపించాడు. ఎడమ వైపంతా వల పరిచి ఉందట. పెనాంగ్ పోవాలంటే తన పడవకి కుడిగా వచ్చి, జెండా కట్టిన చివరి బెండు దాటాకే తిరగాలట. వల మా పడవ ఇంజిను పంకాకి చుట్టుకుంటే ఆయన వలా పోతుంది, మేమూ అక్కడే పడి ఉంటాం. ఆయన చెప్పింది పిల్ల మళ్ళీ తిరిగి చెప్పి సరేనా అని అడిగింది. "అమ్మా, బోటు ముందుకెళ్ళి కూచో. టార్చ్ వెయ్యి. వైట్ ఫ్లోట్స్ కనిపిస్తే చెయ్యెత్తు," అంది. బకెట్టు పక్కన పెట్టి వెళ్ళాను. తెల్ల బెండు కనిపించినప్పుడల్లా నేను చెయ్యెత్తాను, అది చక్రం తిప్పింది. జెండా దాటాక ఆ ముసలాయన చెయ్యి ఊపాడు.

నేను తిరిగొచ్చేసరికి మా అత్తగారు సీసా మూత తీసి అలాగే కూర్చుని ఉన్నారు. "ఎక్కడికో సెప్తేనే గదా దారి సూపించినాడు," అని గొణిగారు. అయినా దేనికైనా మంచిదని ఒక గుక్క తాగారు.

"చూశారా అత్తయ్యా, ఎంత బాగా నడిపిందో," అన్నాను.

"నాను సూడ్డానికేటున్నాది? దానికి సీటొచ్చిన్నాడే ఒప్పీసుకున్నాను."

నాకు అర్థం కాలేదు. "మరి వద్దన్నారుగా?"

"నువ్వు వద్దనలేవు గనక." ఆవిడ చక్రం వైపు చూసి గొంతు తగ్గించారు. "సీటు మాటెత్తితే నువ్వు వంటింట్లోకి పోయి ఏడస్తావు. నాకు తెల్దేటి? తల్లి వద్దంటే పిల్ల మనసులో ఉండిపోద్ది. ముసల్దాన్ని, నానంటే ఏటి పోద్ది? నీ బదులు నానన్నాను."

పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడ మొండితనం గురించి మా అమ్మకి ఫోన్లో చెప్పుకోని వారం లేదు. ఆ మనిషి ఇన్నాళ్ళూ నా భయాన్ని తన నెత్తిన పెట్టుకుని, ప్రాణంగా పెంచిన పిల్ల చేత చెడ్డదనిపించుకుంటూ కూర్చున్నారు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఎందుకే అంత గట్టిగా నొక్కుతావు, గాజులు గుచ్చుకుంటున్నాయన్నారు.

"ఇప్పుడింక దాన్ని సూసినాక వద్దండానికి నాకు నోరు రాదు. నీ మాట నువ్వే సెప్పుకో," అన్నారు.

తెల్లవారేసరికి పెనాంగ్ కొండలు కనిపించాయి. పిల్ల చక్రం తండ్రికిచ్చి వచ్చి నాన్నమ్మ ముందు గొంతుక్కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహమంతా ఉప్పు.

"నాన్నమ్మా, ఇప్పుడు సెప్పు. ఓకేనా, నేదా?"

మా అత్తగారు కళ్ళు గట్టిగా మూసుకుని గురక మొదలుపెట్టారు. జన్మలో గురకపెట్టని మనిషి. పిల్ల కాసేపు ఆవిణ్ణి చూసి, మెల్లగా నా వైపు తిరిగింది.

"నాకు భయమే," అన్నాను. "నువ్వు తిరిగొచ్చేదాకా రోజూ భయపడతాను. అయినా సరే. వెళ్ళు."

గురక ఆగింది.

"ఎల్లు అనకూడదే," అన్నారు మా అత్తగారు, కళ్ళు తెరవకుండానే. "ఎల్లిరా అను."

"వెళ్ళిరా," అన్నాను. ఈసారి ఏడవడానికి వంటిల్లు లేదు. అందరి ముందే ఏడ్చాను.