వెనక మూత తీసే కమలక్క

పాత వాల్వు టీవీ వేడెక్కగానే దుమ్ము కాలిన వాసన వస్తుంది. మొన్న జగిత్యాలలో మా ఇంట్లో ఒకటి వెలిగిస్తే, "ఏందో మాడుతున్నది" అని మా ఆయన స్విచ్చు ఆపేయబోయాడు. నాకు మాత్రం కోరుట్లలో కమలక్క దుకాణం గుర్తొచ్చింది. హైదరాబాదులో టీవీలు బిగించే కంపెనీలో పనిచేసి వచ్చి, రిపేరు దుకాణం పెట్టిన మనిషి ఆమె. డిగ్రీ అయిపోయి ఇంట్లో అందరితో పోట్లాడుకుంటున్న నన్ను పనికి పెట్టుకున్నది. "గా నోరు నా దుకాణంల పెట్టు పిల్లా, గిరాకీలు బేరమాడరు" అన్నది.

ఒకే పేరుతో అమ్మిన టీవీలన్నీ ఒకటి కావని ఆమె దగ్గరే తెలిసింది. మొదట వచ్చినవాటికి పెద్ద నాబ్‌లు. లోపల ఇనుప పళ్లెం మీద వాల్వులు, చేత్తో అతికిన వైర్లు. తర్వాతివాటికి చిన్న నాబ్‌లు, లోపల వైర్లకు బదులు రాగి గీతలు అచ్చేసిన బోర్డు. నేను నాబ్‌లు చూసి రకం చెప్పేసేదాన్ని. ఆమె వెనక మూత తీయనిదే మాట్లాడేది కాదు. ఆ నిదానానికి నాకు ఒళ్లు మండేది.

ఒకసారి సిరిసిల్ల నుంచి లక్ష్మి అనే ఆమె కబురు పెట్టింది. చనిపోయిన తండ్రి టీవీ కావాలని అడిగితే అన్న తెచ్చిచ్చాడట. అసలుది దాచుకుని వేరేది అంటగట్టాడని ఆమె అనుమానం. ఆ ఏడు రాఖీ కట్టడానికి కూడా పోలేదు. మేం వెళ్లేసరికి అన్న రాజన్న గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. తండ్రి తన టీవీ పక్కన నిలబడ్డ ఫోటోను లక్ష్మి చూపించింది. అందులో పెద్ద నాబ్‌లు. ఎదురుగా ఉన్నదానికి చిన్నవి.

"ఇది తర్వాతి రకం. మీ బాపుది కాదు" అన్నాను.

"చూసినవా, సదువుకున్న పిల్ల గూడ గదే చెప్పింది" అన్నది లక్ష్మి అన్నతో.

కమలక్క స్క్రూలు విప్పింది. లోపల బోర్డు లేదు. ఇనుప పళ్లెం, చేతి అతుకులు. ఒక వైరుకున్న పసుపు తొడుగు మీద వేలు పెట్టింది.

"గిది నేనే తొడిగిన. మీ బాపు బండి మీద ఏసుకొని కోరుట్లకు అచ్చిండు. పైనున్న పాత కట్టె పెట్టె ఏమైంది రాజన్నా?"

"చెదలు పట్టింది అక్కా. లోపలి సామాను తీపిచ్చి వేరే టీవీ పెట్టెల బిగిపిచ్చిన. చెప్తే ఏడుస్తదని చెప్పలే."

"చెప్పకపోతే ఏడ్వలేదా నేను?" అన్నది లక్ష్మి. తర్వాత కమలక్క వైపు తిరిగి, "బాపు చేత్తోని తిప్పినయి పోయినట్టే గద" అన్నది.

"పోయినయి బిడ్డా. బాపు చూసిన బొమ్మ మాత్రం గీడికెల్లే అచ్చింది."

లక్ష్మి వంగి ఆ పసుపు తొడుగును వేలితో తాకింది. "తిని పో అన్నా" అన్నది, అటు తిరగకుండానే.

తిరుగు బస్సులో నేను ఊరుకోలేదు. "నాబ్‌లు తర్వాతి రకంవే కదా అక్కా, నేనేం తప్పు చెప్పిన?"

"నాబ్‌ల గురించి తప్పు చెప్పలే. వాళ్ల బాపు గురించి చెప్పినవ్. గది నాబ్‌ల మీద కనవడదు."

కమలక్క పోయి చాలాకాలమైంది. నా నోరేమీ తగ్గలేదు. తగ్గించుకోమని ఆమె కూడా ఎన్నడూ అనలేదు. కానీ ఎవరి తగవైనా నా ముందుకొస్తే, నేను చూసింది ఎంతవరకో ముందు చెబుతాను. మిగతాది చూపించమంటాను. చూశాక వాదిస్తాను. అప్పుడిక నన్నెవరూ ఆపలేరు.