రియాక్టర్‌లో తగ్గిన ఉప్పు

గుడివాడ దాటాక బంటుమిల్లి వెళ్లే దారిలో ఉన్న చిన్న ఫ్యాక్టరీలో నేను కెమిస్టుని. మురికినీటిలోని మడ్డిని అడుక్కి దింపే పాలిమర్ తయారుచేస్తాం. కృత్తివెన్ను వైపు రొయ్యల ప్లాంట్ల వాళ్లు కొంటారు. మామూలుగా ఇది నీళ్లలో కరిగిపోతుంది. అమోనియం సల్ఫేట్ అనే ఉప్పు గాఢంగా కలిపిన నీళ్లలో తయారుచేస్తే మాత్రం కరగకుండా సన్నని రేణువులై, పాలలా జారుతుంది. ఆ ఉప్పు తగ్గిందంటే మొత్తం జిగురే.

ఆ వానాకాలం వరసగా రెండు బ్యాచులు జిగురైపోయాయి. కలిపే మోటారు మూలిగి ఆగిపోయింది.

అమోనియం సల్ఫేట్ వరిచేలో చల్లే ఎరువు కూడా. మా నాన్నకి ముదినేపల్లి దగ్గర కాస్త పొలం ఉంది. యజమాని నన్ను పిలిచి, బస్సులు సరిగా దొరుకుతున్నాయా అని అడిగి, తర్వాత నెమ్మదిగా అన్నారు.

"మీ నాన్నగారి చేను ఈసారి బాగా పచ్చగా ఉందటగా అమ్మా?"

ఉందండీ అన్నాను. ఎందుకడిగారో మెట్లు దిగాక అర్థమైంది.

మర్నాటికి స్టోర్‌కి కొత్త తాళం పడింది. ఉప్పు నేను తీయలేదు కనుక స్టోర్ కీపరే తీసి ఉంటాడనుకున్నాను. అతని సైకిల్‌కి వేలాడే సంచి బరువెంత ఉంటుందో చూపుతోనే అంచనా వేసేదాన్ని. అతనూ నా హ్యాండ్‌బ్యాగ్ వంక అలాగే చూసేవాడు. కలిసి టీ తాగడం మానేశాం.

తర్వాతి బ్యాచికి యజమాని దగ్గరుండి బస్తాలు తూయించారు. గింజ తగ్గలేదు. అయినా మధ్యాహ్నానికి మళ్లీ జిగురే.

ఉప్పు పోవడం లేదంటే నీళ్లు చేరుతుండాలి. రియాక్టర్ కడిగించి, ఉత్త ఉప్పునీళ్లే నింపి సాంద్రత కొలిచాను. రియాక్టర్ లోపల చుట్లు తిరిగి దాన్ని చల్లబరిచే గొట్టంలోకి నీళ్లు వదిలించి, కాసేపాగి మళ్లీ కొలిస్తే తగ్గింది. గొట్టం విప్పితే వెల్డింగ్ దగ్గర సన్నని చీలిక కనిపించింది.

"ఇప్పుడు మా నాన్న చేను సంగతి ఏమంటారండీ?" అని చూడ్డానికొచ్చిన యజమానిని అడిగేశాను.

"నేనేమన్నానమ్మా? ఊరికే అడిగాను," అన్నారాయన చీలిక వంకే చూస్తూ.

బందరు నుంచి వెల్డర్‌ని పిలిపించారు. ఆపైన బ్యాచి పాలలా దిగింది. స్టోర్ కీపర్ తనే రెండు టీలు తెచ్చాడు. సంచుల ఊసు ఇద్దరం ఎత్తలేదు. యజమాని ఇప్పటికీ ఇంట్లో అందరూ బాగున్నారా అని అడుగుతుంటారు. నేను కాస్త ఆలోచించి గానీ జవాబు చెప్పను.