స్టూలు మీద కూర్చుని చెప్పిన మాట

ఎనిమిదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. దించుకుందామని ఈ నెలలో ముగ్గురికి చెప్పుకున్నాను. ముగ్గురూ పట్టించుకోలేదు. ఊళ్లోవాళ్ల మీద ఫిర్యాదు చేసినప్పుడల్లా వీడికిది మామూలే అన్నారు, సరే. నా మీద నేనే ఫిర్యాదు చేసుకున్నా వినరా? మీరైనా చివరిదాకా చదవండి.

మాది పినపాక దగ్గర అడవి అంచున ఊరు. అమ్మానాన్నలు పోయాక నన్ను పెంచింది మా అక్క. తునికాకు కోసి, నాట్లకు పోయి పెంచింది. పెద్దయ్యాక నేను తమిళవాళ్ల బోరు లారీ మీద పనికి కుదిరి నాలుగేళ్లు తిరిగాను. అప్పుడే నా మేనకోడలి పెళ్లి కుదిరింది. పెళ్లి కార్డులో మేనమామగా నా పేరు అచ్చు కాలేదు. ప్రెస్సువాడి పొరపాటు. అక్క కూర్చుని మూడు వందల కార్డుల మీదా నా పేరు పెన్నుతో రాసింది. అందరి పేర్లూ అచ్చులో, నాదొక్కటే పెన్నుతో. మళ్లీ కొట్టించాలి కదా? ఇప్పటికీ అదే అంటాను. పెళ్లికి పోలేదు. ఊరికి తిరిగొచ్చాక కూడా రెండేళ్లు ఆమెతో మాట్లాడలేదు.

ఆ రెండో ఏడు క్రిస్మస్ వారంలో మా చర్చి యువకులు టీవీ, వీసీడీ ప్లేయరు కిరాయికి తెచ్చారు. లారీ డ్రైవరు ఇచ్చిన తమిళ సినిమా ఒకటి నా దగ్గరుంది. అక్కాతమ్ముళ్ల కథ. ఊళ్లో తమిళం వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. టీవీ పక్కన స్టూలేసుకుని, వాళ్లు మాట్లాడేదంతా తెలుగులో చెప్తూ పోయాను. ఊరంతా నోరు మూసుకుని నా మాట విన్న మధ్యాహ్నం నా జన్మలో అదొక్కటే. అక్క ముందు చాప మీద కూర్చుంది.

సినిమాలో అక్క ఇటుక బట్టీలో పనిచేసి తమ్ముణ్ని పెంచుతుంది. వాడు ఒక చిన్న మాటకు అలిగి వెళ్లిపోతాడు. చివర్లో తిరిగొచ్చి, అక్క ఇంటి గుమ్మంలో నిలబడి ఏడుస్తూ అంటాడు: అక్కా, తప్పు నాది, నువ్వే తప్పూ చేయలేదు. ఆ మాట నేను చెప్పాలి. నా నోటితో, మా అక్క ముందు. చాపల మీద సగం మంది అప్పటికే సినిమా వదిలేసి మా ఇద్దర్నీ చూస్తున్నారు. నోరు రాలేదు. నువ్వు నాకు అన్యాయం చేసినా నేనే వచ్చానంటున్నాడు, అని చెప్పాను. తెర మీద అక్క ఏడుస్తూ వాడి చేతులు పట్టుకుంది. క్షమించమని అడుగుతోంది, అన్నాను. బొమ్మకు సరిపోయింది.

నోరు జారిందా? మొదటి మాట జారిందేమో. రెండోది ఆలోచించే అన్నాను.

మర్నాడు ఆదివారం, ప్రభువు బల్ల రొట్టె తీసుకునే ముందు, అక్క సంఘం ఎదుట లేచి తమ్ముణ్ని బాధపెట్టానని నన్ను క్షమాపణ అడిగింది. నేను తలూపాను. ఆ తలూపడం అబద్ధం కన్నా పెద్ద తప్పని ఇప్పుడు తెలుస్తోంది. కానీ అప్పుడు, నిజం చెప్తున్నాను, ఒక ఏడాది పాటు నాకది న్యాయంగానే కనిపించింది. పదేళ్లుగా స్త్రీల కూడికలో ప్రార్థన నడిపిన మనిషి ఆ వారమే మానేసింది. ఏ మొహంతో ముందు నిలబడను అందట. అప్పట్నుంచి వెనక గోడ దగ్గరే కూర్చుంటోంది. ప్రతి ఆదివారం చూస్తున్నాను. చూస్తూ పాటలు పాడుతున్నాను. ఎట్లా పాడానో?

ఈ నెల మొదటి ఆదివారం లేచి నిలబడ్డాను. నోరు తెరవకముందే పాస్టరు గారు, ఫిర్యాదులుంటే కమిటీకి రాసివ్వండి బ్రదర్, అని కూర్చోబెట్టారు. రాసిచ్చాను. జవాబు లేదు. వైరాలో ఉన్న మేనకోడలికి ఫోన్ చేస్తే, మళ్లీ ఏం గొడవ మామయ్యా అని పెట్టేసింది. ఇక అక్క దగ్గరికే పోయాను. చింతపండు గింజ తీస్తోంది. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను.

"ఆ సినిమాల ఆమెకు ఆకుపచ్చ చీర మంచిగుండె," అంది.

"నేను చెప్పింది విన్నవా అక్కా?"

"విన్న."

"వాడు తప్పు నాదన్నడు. నేనే తిప్పి చెప్పిన."

"గట్లనా. అన్నం తిన్నవా?"

"ఏందక్కా నువ్వు. తిట్టరాదూ?"

"చేతులు కడుక్కో పో. చేపల పులుసుంది."

తిన్నాను. అదీ చెప్పాలి కదా. రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

తర్వాతి ఆదివారం ముందుకొస్తుందనుకున్నాను. రాలేదు. అదే గోడ, అదే చోటు. మరి నేను చెప్పింది ఏమైనట్టు?

ఇంత రాశాక గుండె కొంచెం తేలికైంది, కాదనను. కానీ నాకు జవాబు కావాలి. అక్కా, ఇది నీ చేతికొస్తే చదువు. మాఫ్ చేయమనడం లేదు. పులుసు పోయమనడం లేదు. తప్పు చేసినవురా అని ఒక్కసారి నా మొహం మీద అను. అని, ఆ గోడ దగ్గర్నుంచి లే.