సీసా మీద అంటించిన కాగితం

ఏడేళ్లుగా మా ఇంట్లో ఒక ఆడమనిషిని తిట్టుకుంటున్నారు. ఆమె ఏ తప్పూ చేయలేదు. ఆ సంగతి ఇంట్లో తెలిసింది నాకొక్కదానికే. ఆమె మాట వచ్చినప్పుడల్లా నేను చీరలు మడత పెడుతూనో, చిక్కుడుకాయలు ఒలుస్తూనో తల దించుకుని కూర్చుంటాను. తేలు కుట్టిన దొంగ అంటారు చూడండి, నా బతుకు అదే. కుట్టిందని అరవడానికి లేదు.

నా పేరు చెప్పను. చెప్పే ధైర్యమే ఉంటే ఇలా ముక్కూమొహం తెలియని మీకెందుకు రాస్తాను? దిల్‌సుఖ్‌నగర్‌లో కూరగాయల బండి దగ్గర కాకరకాయలు ఒక్కొక్కటే ఏరుకుంటూ బండివాణ్ని విసిగించే ముసలావిడల్లో నేనొకదాన్ని అనుకోండి. మాది పోచంపల్లి పక్క పల్లె. మా ఆయన మగ్గం వదిలేసి ఇక్కడ చీరల దుకాణం పెట్టాడు. ఆయన పోయాక కొడుకు చూసుకుంటున్నాడు. ఇల్లు వనస్థలిపురంలో.

నాకొక గర్వం ఉండేది. ఏది అసలుదో ఏది నకిలీదో నా అంత బాగా ఎవరికీ తెలియదని. పట్టు చేత్తో ముట్టుకుని చెప్పేదాన్ని. నెయ్యి వాసన చూసి చెప్పేదాన్ని. దుకాణాల్లో దొరికే తేనె నాకు ఆనేది కాదు, ఉత్త బెల్లం పాకం అని పక్కన పెట్టేదాన్ని. అలా వెతుక్కుంటూ ఎల్బీనగర్‌లో బస్సెక్కి, హయత్‌నగర్ దాటి, ఒక బత్తాయి తోటకు పోయాను.

అక్కడ యాదమ్మ, లింగయ్య అని నల్లగొండ వైపు నుంచి వచ్చిన మొగుడూ పెళ్లాలు. తోట వాళ్లది కాదు. యజమాని ఒప్పుకుంటే చెట్ల మధ్య తేనెటీగల పెట్టెలు పెట్టుకుని, రేకుల షెడ్డులో ఉండేవాళ్లు. యాదమ్మ పెట్టె మూత తీసి, ఈగలు ముసిరి ఉన్న తేనెపట్టును వట్టి చేతులతోనే పైకెత్తి చూపించింది. మైనం పొర కత్తితో గీసి, డ్రమ్ములో తిప్పి, గుడ్డలో వడగట్టి, నా అరచేతిలో రెండు చుక్కలు వేసింది. బత్తాయి పూత వాసన గుప్పుమంది. ఇదీ తేనె అంటే, అనుకున్నాను. ఆ వారమే కాలనీలో పది ఇళ్లకు చెప్పాను. నా మాట మీద అందరూ అక్కడే కొనడం మొదలుపెట్టారు. యాదమ్మ నన్ను "పెద్దమ్మా" అని పిలిచేది.

తర్వాతి ఏడాది నాకు మనవరాలు పుట్టింది.

మా ఇళ్లలో ఒక పద్ధతుంది. బంగారు ఉంగరం తేనెలో ముంచి బిడ్డ నాలుకకు రాస్తారు. మాట తియ్యగా వస్తుందని. నా కొడుక్కి నేను రాశాను, నాకు మా అమ్మ రాసింది. కోడలిది విజయవాడ. మెత్తగా మాట్లాడుతుంది కానీ అనుకున్నది వదలదు. "ఆరు నెలలదాకా పాలు తప్ప ఏమీ పెట్టొద్దని డాక్టరుగారు చెప్పారండీ అత్తయ్యా" అంది. నాకు ఒళ్లు మండింది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నాకు చెప్పడమా? ఏమీ అనలేదు. అనకుండా ఊరుకున్న ప్రతిసారీ నేను మనసులో ఒకటి పెట్టుకుంటాను, నా గుణం అది.

పాపకు మూడో నెల నడుస్తుండగా మళ్లీ తోటకు పోయాను. ఆనాటి మాటలు నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి. మరిచిపోవాలని ఎంత చూసినా పోలేదు.

సీసా కడుగుతూ యాదమ్మ అడిగింది. "ఇంట్ల సంటిపిల్ల ఉందంటిరి గద పెద్దమ్మా. తేనె గిట్ల నాకిస్తలేరు గద?"

"నాకిస్తే ఏమైతది? మా తాతల కాలం నుంచి నాకిస్తున్నరు. ఎవలకేమైంది?"

"అయినోళ్లు మనకొచ్చి చెప్తరా? మాకు పెట్టెలు ఇచ్చినప్పుడు ట్రైనింగుల మరీ మరీ చెప్పిన్రు. ఏడాది నిండేదాక నాలిక మీద సుత పెట్టొద్దంట. కడుపు తట్టుకోదు, పానం మీదికొస్తది."

"దుకాణం తేనె గురించి చెప్పి ఉంటరు. నీది అసలుది గదనే."

"అసలుదైనా గంతే పెద్దమ్మా. నాదైనా గంతే, దుకాణంలదైనా గంతే. నా తేనె అని నేనే చెప్తున్న, పెట్టకుండ్రి."

నేను సరే అన్నాను. ఆమెకు నమ్మకం కుదరలేదేమో, మొగుణ్ని పిలిచింది. లింగయ్య నోటుపుస్తకంలోంచి కాగితం చింపి, గుండ్రటి అక్షరాలతో రాసి, సీసాకు అంటించాడు. "సంటిపాపకు పెట్టొద్దు. ఏడాది దాటినంక పెట్టాలె." అలాంటి కాగితం ఇంకే సీసాకూ లేదు. నా ఒక్కదాని కోసం, నా మనవరాలి కోసం రాసింది.

ఇంటికొచ్చి, ఆ కాగితం చూస్తూనే సీసా మూత తిప్పాను. కొంచెం తేనె ఒక చిన్న భరిణెలోకి వంచుకుని, ఉయ్యాల దిండు కింద దాచాను. కోడలు స్నానానికి పోయినప్పుడు ఉంగరం ముంచి పాప నాలుకకు రాశాను. పాప చప్పరించింది. బోసినోటితో నవ్వింది. చూశావా, నాదే గెలుపు అనుకున్నాను. ఒక్కరోజుతో ఆగి ఉండొచ్చు కదా? పది రోజులు రాశాను. పాప మీద ప్రేమతోనా, కోడలి మీద పంతంతోనా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉంటాను. ప్రేమేనని చెప్పుకుంటే ఊరటగా ఉంటుంది. కానీ ఉంగరం ముంచే ముందు స్నానాలగది తలుపు వైపు చూసేదాన్ని. ప్రేమకు ఆ చూపు ఎందుకు?

ముందు పాపకు విరేచనం ఆగిపోయింది. తర్వాత ఏడుపు సన్నబడింది. పాలు తాగడం మానేసింది. రెప్పలు పూర్తిగా తెరవలేకపోయింది. ఎత్తుకుంటే మెడ అటూ ఇటూ వాలిపోయింది. దవాఖానలో డాక్టరమ్మ మమ్మల్ని నిలబెట్టి అడిగింది, పాలు కాక ఇంకేమైనా పెట్టారా అని. తేనె పేరు ఎత్తి మరీ అడిగింది. కోడలు లేదండీ అంది. డాక్టరమ్మ నా వైపు కూడా చూసింది.

నేను నోరు విప్పలేదు.

అప్పుడు చెప్పి ఉంటే ఏమయ్యేది? అంతా తిట్టేవాళ్లు. అంతే కదా. మూడు నెలల బిడ్డ ఊపిరి ఒకవైపు, నా పరువు ఒకవైపు ఉంటే, నేను పరువు పట్టుకుని నిలబడ్డాను. ఇంకో మాట కూడా చెప్పాలి. బట్టలు తెస్తానని ఆ సాయంత్రం ఇంటికొచ్చి నేను చేసిన మొదటి పని సీసాను వేడినీళ్లలో పెట్టడం. కాగితం నానాక గోటితో మెల్లగా ఊడదీశాను. గాజు మెరిసేదాకా తుడిచాను. భరిణె మాత్రం ఆ కంగారులో గుర్తురాలేదు.

మర్నాడు కొడుకు ఇంటికి పోతే ఉయ్యాల నిండా చీమలు. దిండు ఎత్తి చూశాడు. భరిణె పట్టుకుని దవాఖానకు వచ్చాడు. అది నా భరిణె అని వాడికి తెలుసు.

"ఎవలు జెప్పిన్రమ్మా నీకు, ఇది వెట్టుమని?"

నువ్వెందుకు పెట్టావని అడగలేదు వాడు. ఎవరు చెప్పారని అడిగాడు. నా కొడుకు నాకు దారి చూపించాడు, నేను ఆ దారిన పోయాను. "తోటల యాదమ్మ. సంటిపిల్లకు మంచిది, పెట్టుమన్నది" అన్నాను. ఒక్క మాట కూడా తడబడలేదు. కోడలు గోడకు ఆనుకుని ఏడుస్తూ, "మీకేం తెలుస్తుందిలెండి అత్తయ్యా, వాళ్లు అమ్ముకోడానికి ఏదైనా చెప్తారు" అంది. నన్నే ఓదార్చింది.

పాప ఇరవై రోజులకు పైగా దవాఖానలో ఉంది. కొన్ని రోజులు మిషనే ఊపిరి పోసింది. ఒకరోజు ముందు చెప్పి ఉంటే ఆ రోజులు తగ్గేవా? డాక్టరమ్మను అడిగే ధైర్యం నాకు లేదు. బిడ్డ బతికింది. కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడి చుట్టూ నూటఎనిమిది ప్రదక్షిణలు చేశాను. అక్కడ కూడా నిజం చెప్పుకోలేదు.

ఈలోపే కొడుకు కాలనీవాళ్లను వెంటబెట్టుకుని తోటకు పోయాడు. లింగయ్య కాలర్ పట్టుకున్నారట. యాదమ్మ తను అలా చెప్పలేదని ఒట్లు పెట్టిందట. సీసా మీద కాగితం అంటించామని కూడా చెప్పిందట. కొడుకు ఇంటికొచ్చి సీసా తిప్పి చూశాడు. దాని మీద ఏముంటుంది? నున్నగా ఉంది. "ఎంత అబద్ధమాడుతున్నదో సూడు" అన్నాడు. నేను చూశాను.

ఈ మాట మా కాలనీ వాట్సాప్ గ్రూపు నుంచి ఎన్ని కాలనీలకు పాకిందో, తోట యజమాని భయపడి పెట్టెలు అప్పటికప్పుడు తీసేయమన్నాడు. మిట్టమధ్యాహ్నం తీయించాడు. పెట్టెలు చీకటి పడ్డాకే కదపాలని, పగలైతే మేతకు పోయిన ఈగలు వెనక్కొచ్చి ఇల్లు కానక తిరిగి తిరిగి చస్తాయని యాదమ్మ ఒకసారి నాకు చెప్పింది. కొడుకు అది తెలియక నవ్వుతూ చెప్పాడు, పెట్టెలు పోయిన జాగాలో ఈగలు ఒకటే తిరుగుతున్నాయని. ఆ రోజు నాకు అన్నం దిగలేదు. ఆమె ఫోన్ కూడా చేసింది. "పెద్దమ్మా, నేనేం జెప్పిన్నో మీకు ఎర్కే గద, ఒక్క మాట జెప్పున్రి" అంది. ఫోన్ కట్ చేశాను. ఆ నంబరు రాకుండా కోడలి చేతే ఆపించాను.

రెండేళ్ల తర్వాత యాదమ్మ ఎల్బీనగర్ మెట్రో మెట్ల కింద గోనెసంచి పరిచి జామకాయలు అమ్ముతూ కనిపించింది. చిక్కిపోయింది. నేను తప్పుకునేలోపే చూసేసింది. తిడుతుందనుకున్నాను. నలుగురిలో జుట్టు పట్టుకుంటుందనుకున్నాను. పట్టుకుంటే బాగుండేది.

"పాప మంచిగున్నదా పెద్దమ్మా?" అని అడిగింది.

ఉంది అన్నాను. "నడుస్తున్నదా, మాటలొచ్చినయా?" అంది. వచ్చాయన్నాను. ఆమె మొహంలో నిజంగానే సంతోషం కనిపించింది. నాకు అక్కడే కూలబడి కాళ్లు పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు. ఆటో ఎక్కాను. తర్వాత నాలుగైదు సార్లు పోయి వెతికాను. కనిపిస్తే ఏం చేసేదాన్నో తెలియదు. కనిపించలేదు.

మొన్న ఎవరో చుట్టాలొస్తే కోడలు నిమ్మకాయ నీళ్లు ఇచ్చింది. అందులో తేనె వేస్తే బాగుండేదని చుట్టం అంది. నా మనవరాలు, ఏడేళ్లది, ముత్యాల్లాంటి పళ్లతో గబగబా చెప్పింది. "మా ఇంట్లో తేనె తేరు ఆంటీ. ఒక చెడ్డామె మా నానమ్మకు అబద్ధం చెప్పి నాకు తేనె పెట్టించింది. నేను చచ్చిపోయేదాన్ని. పాపం, నానమ్మకు తెల్వదు కదా." చెప్పి, వచ్చి నా మెడ చుట్టూ చేతులు వేసింది.

మాట తియ్యగా రావాలని నేను తేనె రాసిన నాలుక అది. నేనాడిన అబద్ధం దాని మీద ఇంత తియ్యగా పలుకుతుందని అనుకోలేదు.

నానిన కాగితాన్ని ఆ రోజు పారేయలేకపోయాను. ఆరబెట్టి, బీరువాలో నా పెళ్లి చీర మడతలో పెట్టాను. ఇప్పుడు తీసి ఈ పేజీల మధ్య పెడుతున్నాను. మీకు పంపేది నకలు, ఈ పేజీలు ఇంట్లోనే ఉంటాయి. సిరా చెదిరింది కానీ అక్షరాలు కనిపిస్తున్నాయి. మనవరాలికి బడిలో తెలుగు నేర్పుతున్నారు, కూడబలుక్కుని చదువుతుంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు. చెబుతానని మీకు మాట ఇవ్వను, నా మాటకు విలువెంతో మీకిప్పుడు తెలుసు. గుండె మీద బరువు ఒక్క పిసరు తగ్గింది. అంతకంటే తగ్గకూడదు.

యాదమ్మ పెట్టొద్దంది. లింగయ్య రాసిచ్చాడు. నేను పెట్టాను.